మీకంటే ఎక్కువ తిప్పలు పడేవాళ్లెవరు? సొంతంగా మార్పులు చేసుకునే వినియోగదారులను పరిచయాల మీదుగా వెతకడం

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఖమ్మం దగ్గర ఇద్దరు ఇంజినీర్లు మిర్చి రైతుల కోసం వీపున మోసే బ్యాటరీ స్ప్రేయర్ తయారు చేస్తున్నారు. 200 మంది రైతులతో ఫారాలు నింపించారు. "బరువు తగ్గించండి, ధర తగ్గించండి, బ్యాటరీ ఎక్కువసేపు రావాలి" తప్ప కొత్త మాట ఒక్కటీ రాలేదు. పంపుకు సొంతంగా మార్పులు చేసుకునే రైతులు ఎక్కడ దొరుకుతారు, మాకు పెద్దగా పరిచయాలు లేవు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు.

వ్యవసాయ పనిముట్ల తయారీలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఫారాలు అబద్ధం చెప్పలేదు. బరువు, ధర, బ్యాటరీ మూడూ నిజమైన బాధలే. అయితే ఆ మూడు మాటలూ ఆ రైతులు ప్రతి కంపెనీ వాళ్లకూ చెప్పే ఉంటారు. ఎవరైనా సరే, చేతిలో ఉన్న వస్తువును చూసే మాట్లాడతారు. ఉన్నదాన్ని కొంచెం మెరుగు చేయమంటారు. ఇంకా మార్కెట్లో లేనిదాన్ని ఊహించి ఫారంలో రాయమంటే కుదిరే పని కాదు.

మీకు కావాల్సినవాళ్లను లీడ్ యూజర్లు అంటారు. అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ ఎరిక్ వాన్ హిప్పెల్ 1986లో ఈ ఆలోచనను స్పష్టంగా రాశారు. వాళ్లకు రెండు గుర్తులు చెప్పారు. మిగతా మార్కెట్‌కు రేపు రాబోయే అవసరం వాళ్లకు ఇవాళే వచ్చి ఉంటుంది. ఆ అవసరం తీరితే వాళ్లకు కలిగే లాభం చాలా పెద్దది, కాబట్టి కంపెనీ కోసం ఎదురుచూడకుండా తామే ఏదో ఒకటి చేసుకుంటారు. రెండూ ఉండాలి. తెలివి, ఉత్సాహం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒత్తిడి ఉండాలి.

ఇలాంటివాళ్లు తక్కువ. గత మూడేళ్లలో తమ అవసరం కోసం ఒక వస్తువును తయారు చేసుకున్న లేదా మార్చుకున్న సాధారణ వినియోగదారులు ఎంతమంది అని వాన్ హిప్పెల్ బృందం కొన్ని దేశాల్లో లెక్క తీసింది. బ్రిటన్‌లో 6.1 శాతం, అమెరికాలో 5.2 శాతం, జపాన్‌లో 3.7 శాతం వచ్చింది. మన మిర్చి రైతుల లెక్క వేరే ఉండొచ్చు, కానీ మీరు తూర్పారబట్టాల్సిన ఊక ఎంతో దీన్నిబట్టి అర్థమవుతుంది. పైగా మీ 200 మందిలో అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉన్నా, ఫారంలో ఆ గడి లేదు కాబట్టి చెప్పి ఉండరు. తాను చేసుకున్న మార్పును ఆవిష్కరణ అని రైతు అనుకోడు. "ఏదో సర్దుకున్నాను" అంటాడు, అంతే.

అందుకే జల్లెడ పట్టడం కాకుండా మనిషి నుంచి మనిషికి వెళ్లాలి. ఈ పద్ధతికి పిరమిడింగ్ అని పేరు. ఒక విషయం మీద గట్టి ఆసక్తి ఉన్న మనిషికి, తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరో తెలిసే ఉంటుంది. అతన్ని అడిగితే ఒక మెట్టు పైనున్న మనిషి పేరు చెబుతాడు. ఆ పైవాడిని అడిగితే ఇంకో మెట్టు. వాన్ హిప్పెల్, వియన్నాకు చెందిన నికొలౌస్ ఫ్రాంకె, రైన్‌హార్డ్ ప్రూగల్ కలిసి 2009లో దీన్ని ప్రయోగాలతో పరీక్షించారు. గుంపులో అందరినీ వరసగా అడిగి అగ్రస్థానంలో ఉన్న మనిషిని పట్టుకోవడానికి పట్టే శ్రమలో మూడో వంతు కూడా ఈ దారిలో పట్టలేదు.

శ్రమ తగ్గడం ఒక్కటే కాదు. పైకి వెళ్లిన మనిషి పక్క రంగంలోకి కూడా చూపిస్తాడు. నా దృష్టిలో అసలు విలువ అక్కడే ఉంది. 3ఎం కంపెనీ కథ దీనికి మంచి ఉదాహరణ.

3ఎంలో ఒక విభాగం ఆపరేషన్ చేసేటప్పుడు రోగి ఒంటి మీద కోత పెట్టే చోట అంటించే, కప్పే షీట్లు చేసేది. 1990ల మధ్యలో ఆ విభాగంలో కొత్త సరుకు రావడం దాదాపు ఆగిపోయింది. రీటా షోర్ అనే ఆవిడ నాయకత్వంలో ఒక బృందం 1996లో లీడ్ యూజర్ పద్ధతి మొదలుపెట్టింది. ఇంకా మంచి షీటు ఎలా చేయాలి అనేదే మొదటి ప్రశ్న. వాళ్లు అమెరికా దాటి మలేసియా, ఇండోనేసియా, దక్షిణ కొరియా, మన దేశంలోని ఆసుపత్రులకు కూడా వెళ్లారు. ఆ ఖరీదైన షీట్లు కొనే స్తోమత లేని చోట డాక్టర్లు చవక యాంటీబయాటిక్స్ మీద ఆధారపడి ఇన్‌ఫెక్షన్‌ను ఆపుతున్నారని చూశారు. రేపు ఆ మందులు పనిచేయకుండా పోతే ఏం గతి? దాంతో ప్రశ్నే మారిపోయింది. షీటు సంగతి పక్కనపెట్టి, తక్కువ ఖర్చులో, మందుల మీదా డాక్టరు నైపుణ్యం మీదా ఆధారపడకుండా ఇన్‌ఫెక్షన్‌ను ఆపడం ఎలా అని వెతకసాగారు.

ఆ వెతుకులాటలో ఎవరు దొరికారో చూడండి. ఒకరు పెద్ద పశువైద్య ఆసుపత్రిలో సర్జన్. ఆయన రోగులకు ఒళ్లంతా బొచ్చు, స్నానం ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు. అయినా ఇన్‌ఫెక్షన్లు చాలా తక్కువ. ఇంకొకరు హాలీవుడ్ మేకప్ నిపుణులు. చర్మానికి మంట పుట్టకుండా, గట్టిగా అతికి, తేలిగ్గా ఊడొచ్చే పదార్థాలతో రోజూ పనిచేసేవాళ్లు. వీళ్లెవరూ 3ఎం కస్టమర్ల జాబితాలో ఉండరు. ఆసుపత్రుల సర్వే ఎన్ని వేల మందితో చేసినా మేకప్ గది తలుపు తట్టరు. ఒకరు ఇంకొకరి పేరు చెబితేనే అక్కడికి చేరతారు. చివరకు ఆ బృందం మూడు కొత్త ఉత్పత్తుల వరసలు, ఇన్‌ఫెక్షన్‌ను ముందే అడ్డుకునే ఒక కొత్త దారి ప్రతిపాదించింది. తర్వాత 2002లో వచ్చిన అధ్యయనం 3ఎం లోపలి ప్రాజెక్టులను పోల్చింది. లీడ్ యూజర్ ఆలోచనలకు ఐదో ఏట అంచనా అమ్మకాలు సగటున 14.6 కోట్ల డాలర్లు, మామూలు పద్ధతిలో వచ్చినవాటికి 1.8 కోట్లు. అవి అంచనాలే. అయినా ఎనిమిది రెట్ల తేడాను తేలిగ్గా తీసేయలేం.

ఇప్పుడు మీ స్ప్రేయర్ దగ్గరికి వద్దాం.

నేను మొదట అడిగే మాట ఒకటుంది. మీరు ఫారం నింపించిన 200 మందిలో పంపు వీపున వేసుకునేవాళ్లు ఎంతమంది? మిర్చిలో మందు కొట్టే పని చాలా చోట్ల కూలీకి వెళ్తుంది. ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుని, ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో కొడతారు. పంపు కొనేది రైతు, మోసేది కూలీ మనిషి. సీజన్‌లో ఎక్కువ రోజులు, ఎక్కువ రకాల పంపులతో, ఎక్కువ ఎండలో పనిచేసేది ఆయనే. మందు వాసన పీల్చేది ఆయనే, బెల్టు ఒరుసుకుని భుజం కమిలేది ఆయనకే. వాన్ హిప్పెల్ చెప్పిన ఒత్తిడి అంతా ఆయన మీదే ఉంది. ఆయన్ని అడగకుండా పంపు తయారు చేయడం నాకు అన్యాయంగానూ అనిపిస్తుంది. వాళ్లను మాట్లాడి పనికి తీసుకెళ్లే ముఠా మేస్త్రీతో మొదలుపెట్టండి.

పరిచయాలు లేవన్నారు. నిజానికి దగ్గరి పరిచయాల కంటే దూరపు పరిచయాలే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతాయి. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి 1973లో ఒక లెక్క ప్రచురించారు. ఆ సమాచారం తరచూ కలిసేవాళ్ల నుంచి వచ్చింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచి 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ల నుంచి 27.8 శాతం. అది ఉద్యోగాల సంగతే అయినా కారణం మనకూ వర్తిస్తుంది. మీ స్నేహితులకు తెలిసింది చాలామటుకు మీకూ తెలుసు. మీ అమ్మమ్మగారి ఊళ్లో ఎరువుల షాపు నడిపే దూరపు బావకు తెలిసింది మీకు తెలియదు.

ఎక్కువమంది వినియోగదారులు వచ్చిపోయే చోట కూర్చునేవాళ్లు మీకు బంగారం. స్ప్రేయర్లు రిపేరు చేసే మెకానిక్, నాజిళ్లు, వాషర్లు అమ్మే స్పేర్ పార్టుల షాపు, వెల్డింగ్ షాపు, పురుగుమందుల దుకాణంలో పనిచేసే కుర్రాడు. "మామూలుగా ఎవరూ అడగని పార్టు అడిగి తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా గుర్తున్నారా?" అని అడగండి. ఈ ప్రశ్నకు మెకానిక్‌లు ఉత్సాహంగా జవాబిస్తారు. వాళ్ల పనిలో కొత్త విషయం అదే కదా.

నా అనుభవంలో ఒక ఉదాహరణ చెబుతాను. నల్లరేగడిలో కలుపు తీసే యంత్రం మీద పనిచేస్తున్నప్పుడు బ్లేడుకు మన్ను అంటుకుపోవడం పెద్ద సమస్య. పత్తి రైతులంతా ఆగి ఆగి కర్రతో గీకుతున్నారు. వాళ్లలో ఒకాయన, దీన్ని తనకంటే బాగా సరిచేసినవాడు ఉన్నాడని ఒక వెల్డింగ్ షాపు పేరు చెప్పాడు. వెల్డింగ్ ఆయన బ్లేడు వంపు మార్చాడు, కొంత మెరుగు. "ఈ మన్ను అంటుకునే బాధ ఇంతకంటే ఎక్కువ ఎవరికుంటుంది?" అని ఆయన్నే అడిగితే, టిప్పర్ల బాడీలు కట్టేవాళ్ల దగ్గరకు పొమ్మన్నాడు. తడి మట్టి టిప్పర్ అడుగున అతుక్కుంటే లోడు దిగదు. అందుకు వాళ్లు లోపల నున్నటి మందపాటి ప్లాస్టిక్ షీటు వేస్తున్నారు. మా బ్లేడు వెనక వైపుకు జవాబు అక్కడ దొరికింది. పత్తి చేలల్లో ఇంకో ఏడాది తిరిగినా ఆ షీటు మా కంటపడేది కాదు.

మీ విషయంలో పక్క రంగాలు ఏవో ఆలోచించండి. నల్ల తామర పురుగు 2021-22లో మిర్చిని ఎలా ముంచిందో మీకు చెప్పక్కర్లేదు. అది పువ్వులో దాక్కుంటుంది, పైన కొట్టిన మందు దాన్ని సరిగా తాకదు. కాబట్టి మీ అసలు సమస్య బ్యాటరీ కాకపోవచ్చు. సరైన పరిమాణంలో ఉన్న తుంపర సరైన చోట పడటం కావచ్చు. తుంపర పరిమాణంతో రోజూ కుస్తీ పట్టేవాళ్లు ఎవరు? కోడిపిల్లలను పొదిగించే హేచరీల్లో ఒకరోజు వయసు పిల్లలకు స్ప్రేతో టీకా వేస్తారు. అక్కడ చుక్క మరీ సన్నగా ఉంటే ఒక చిక్కు, లావుగా ఉంటే ఇంకో చిక్కు. కార్లకు రంగు కొట్టే పెయింటర్లకు పల్చటి పూత సమానంగా వేయడం, నాజిల్ పూడుకుపోకుండా చూసుకోవడం చేతి అలవాటు. కడియం నర్సరీల్లో లేత మొక్క విరగకుండా తడపాలి. మామిడి తోటల వాళ్లు చెట్టు పైకొమ్మల దాకా మందు పంపాలి. వీళ్లలో ఎవరి దగ్గర మీకు పనికొచ్చేది ఉంటుందో నేను చెప్పలేను. వెతికితేనే తెలుస్తుంది. ఊహించి నేరుగా అక్కడికి వెళ్లడం కంటే, మీ మెకానిక్‌నో ముఠా మేస్త్రీనో "ఇలాంటి బాధ ఇంకే పనిలో ఉంటుంది?" అని అడిగి, వాళ్లు చూపిన దారిన వెళ్లడం మేలు. మనకు తట్టనివి వాళ్లకు తడతాయి.

ప్రశ్న అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "మీ ఊళ్లో బాగా తెలిసినవాళ్లు ఎవరు?" అని అడిగితే మన పల్లెల్లో మిమ్మల్ని సర్పంచి దగ్గరికో, అవార్డు తీసుకున్న రైతు దగ్గరికో, వ్యవసాయాధికారి దగ్గరికో తీసుకెళ్తారు. అది మర్యాద. వాళ్లూ మంచివాళ్లే, కానీ మీకు కావాల్సింది హోదా కాదు. చేసిన పనిని బట్టి అడగాలి. నేను వాడే మాటలు దాదాపు ఇవి: "అన్నా, మందు కొట్టేటప్పుడు నీకంటే ఎక్కువ తిప్పలు పడేవాళ్లెవరు? పంపును కోసో, అతికించో, ఇంకేదన్నా తగిలించో వాడుతున్నవాళ్లను చూశావా? చూసి నవ్వుకున్నా సరే, చెప్పు." ఆ చివరి మాట ముఖ్యం. ఊరు నవ్విన మార్పుల్లోనే చాలాసార్లు విషయం ఉంటుంది. ఇద్దరి పేర్లు అడగండి. ఒకరు ఇదే పనిలో ఉన్నవాళ్లు, ఇంకొకరు వేరే పనిలో ఉండి ఇలాంటి బాధే పడేవాళ్లు. మీ 200 మంది ఫోన్ నంబర్లు ఎలాగూ ఉన్నాయి కదా, వాళ్లకే ఫోన్ చేసి ఈ ప్రశ్న అడగవచ్చు. పాత ఫారాలు అలా కూడా పనికొస్తాయి.

ఒకే మనిషి దగ్గర మొదలుపెట్టకండి. ఒకరి నుంచి బయల్దేరితే ఆయన బంధువర్గంలోనే, ఆయన కులంలోనే, ఆయన పార్టీ వాళ్లలోనే తిరిగి తిరిగి అక్కడికే వస్తారు. ఇది మన ఊళ్లలో నిజంగా జరిగే సంగతి, మొహమాటపడకుండా లెక్కలోకి తీసుకోండి. ఒక మెకానిక్, ఒక మేస్త్రీ, ఒక ఆడకూలీ, ఒక హేచరీ సూపర్‌వైజర్, ఇలా సంబంధం లేని చోట్ల నుంచి మొదలుపెట్టండి. వేరే వేరే దారుల నుంచి వచ్చినా ఒకే పేరు మళ్లీ మళ్లీ వినబడుతుంటే ఆ పనిలో పై మెట్టు దాకా వచ్చారని అర్థం. అప్పుడు పక్క రంగంలోకి దాటాలి.

ఎవరు పంపారో చెప్పి మాట మొదలుపెట్టండి. "స్పేర్ పార్టుల షాపు బాబాయి మీ గురించి చెప్పారండీ" అన్న ఒక్క మాట తలుపు తీస్తుంది. వీలైతే ఆ బాబాయితోనే ముందు ఒక ఫోన్ చేయించండి. పని తీరుబాటు చూసుకుని వెళ్లండి. వాళ్లను కలిసి తిరిగొచ్చాక, మిమ్మల్ని పంపిన మనిషికి ఏం జరిగిందో చెప్పడం మర్చిపోకండి. చాలామంది ఈ పని చేయరు, అందుకే రెండోసారి వెళ్తే పేర్లు రావు.

దొరికిన మనిషి నిజంగా లీడ్ యూజరేనా అని తేల్చుకోవాలి. మాటలు వినేముందు వస్తువు చూపించమనండి. విరిగిన పాత ముక్కలు, మొదట చేసి వదిలేసినవి ఉంటే మంచి గుర్తు. సొంత డబ్బు పెట్టాడా? పక్కవాళ్లు చూసి చేయించుకున్నారా? కొత్త పంపు కొనే డబ్బులేక పాతదానికి గుడ్డ కట్టి నడిపించడం వేరు, మార్కెట్లో ఏ పంపూ చేయని పని చేయించడం వేరు. మొదటిదానిపై నాకు గౌరవమే, కానీ మీ వెతుకులాట రెండోదాని కోసం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మోతాదు పెంచి కొట్టడానికో, మందులు కలిపి కొట్టడానికో చేసుకున్న మార్పు కనిపిస్తే దాన్ని యథాతథంగా తీసుకోకండి. దాని వెనకున్న అవసరం ఏమిటో పట్టుకోండి.

మన దగ్గర ఈ దారిలో చూడాల్సిన మనిషి చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే, అంటే నేసేముందు దారాన్ని పిన్నుల చుట్టూ చుట్టాలంటే, ఒక్కో చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం మొదలుపెట్టారు. చివరి చిక్కు ఒకటి హైదరాబాద్ బాలానగర్‌లో వేరే పని చేసే యంత్రం నడక చూశాక విడిపోయింది. 1999లో యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒత్తిడి ఇంట్లో ఉంది, జవాబులో ఒక ముక్క వేరే రంగంలో ఉంది. ఇలాంటివాళ్లను వెతికి వెలుగులోకి తెచ్చే పల్లెసృజన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. అది అనిల్ గుప్తా గారు మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్ బాటలో నడుస్తున్న సంస్థ. దాని వలంటీర్లు ఊళ్లు తిరుగుతారు. మీ గొలుసుకు అదొక మంచి మొదటి కొస.

హక్కుల విషయం ముందే తేల్చుకోండి. మన పేటెంట్ చట్టం ప్రకారం దరఖాస్తు వేసే హక్కు నిజమైన తొలి ఆవిష్కర్తదీ, ఆయన రాసిచ్చినవారిదీ. రైతు చేసినదాన్ని మీ పేరు మీద వేసుకోవడం తప్పు, చెల్లదు కూడా. చాలామంది అడగ్గానే అంతా చూపించేస్తారు, దాచుకోరు. అందుకే మనమే జాగ్రత్తగా ఉండాలి. ఆయన ఆలోచన వాడుకుంటే రాయల్టీయో, ఒకేసారి ఇంతనో రాతపూర్వకంగా తెలుగులో రాసుకోండి. పేటెంట్‌కు వెళ్లే ఉద్దేశం ఉంటే దరఖాస్తు పడేదాకా వీడియో ఎక్కడా పెట్టకండి, ఆయన్నీ పెట్టవద్దనండి. బయటపడిన తర్వాత కొత్తదనం పోయిందనే అభ్యంతరం వస్తుంది. దరఖాస్తు ఖర్చు భారమైతే, 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అట్టడుగు స్థాయి ఆవిష్కర్తలకు పేటెంట్ల విషయంలో సాయం చేస్తుంది.

ఐదారుగురు దొరికాక వాళ్లను ఒకచోట, చేను పక్కనే కూర్చోబెట్టండి. హేచరీ మనిషి, పెయింటర్, మందు కొట్టే కూలీ ఒకరి పంపు ఒకరు పట్టుకుని చూస్తే వచ్చే మాటలు మీ ఆఫీసులో రావు. ఆ రోజు కూలీ పోతుంది కాబట్టి రోజు కూలీకి తక్కువ కాకుండా ఇవ్వండి, ప్రయాణ ఖర్చులు వేరే. మందుకు బదులు రంగు నీళ్లతో కొట్టించి, పువ్వు లోపలికి ఎంత చేరిందో చూడండి.

నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడితే మందు పని అక్టోబరు నుంచి జనవరి దాకా ముమ్మరంగా ఉంటుంది. చేలో చూడాల్సినవన్నీ ఆ నెలల్లో పెట్టుకోండి. వేసవిలో మెకానిక్‌లు, హేచరీలు, పెయింటర్ల దగ్గరికి వెళ్లండి. పంపులు రిపేరుకు వచ్చేదీ, మెకానిక్‌కు మాట్లాడే తీరిక ఉండేదీ అప్పుడే.